ఇప్పుడే పాడమంటే పాడగలరా?

పేరంటానికి వెళ్లారు. తాంబూలాలు అయ్యాయి. "సంగీతం నేర్చుకుంటున్నావటగా, ఒక్క పాట పాడమ్మా" అని ఇంటి పెద్దావిడ అడిగారు. అందరూ మీవైపు తిరిగారు.

మీ చెయ్యి ఎక్కడికి వెళ్లింది? ఫోన్ మీదికి. సాహిత్యం వెతకడానికి.

ఎనిమిదేళ్లుగా నేర్చుకుంటున్నారు. నాలుగు నోట్‌బుక్కులు నిండాయి. కృతులు యాభై దాటాయి. అయినా ఆ నిమిషంలో పల్లవి వచ్చింది, అనుపల్లవి దగ్గర ఆగిపోయింది. ఇది మీ గొంతు లోపం కాదు. జ్ఞాపకశక్తి లోపమూ కాదు. ఒక అలవాటు లేకపోవడం, అంతే. అలవాటే కాబట్టి ఎవరైనా చేసుకోవచ్చు. మీరూ చేసుకుంటారు.

పాట నేర్చుకోవడం ఒక పని. నేర్చుకున్న పాటను ఎప్పుడడిగితే అప్పుడు పాడగలిగేలా ఉంచుకోవడం ఇంకో పని. మొదటి పనికి గురువుగారున్నారు, క్లాస్ టైమ్ ఉంది, ఫీజు ఉంది. రెండో పనికి మీరొక్కరే ఉన్నారు. అందుకే అది వాయిదా పడుతూ ఉంటుంది.

ముందు లెక్క తేల్చండి

ఒక కాగితం తీసుకోండి. మీకు వచ్చనుకున్న పాటలన్నీ రాయండి. పక్కన రాగం, తాళం, వాగ్గేయకారుడు. ఇప్పుడు వాటిని మూడు గుంపులు చేయండి.

నోట్లో ఉన్నవి: పుస్తకం చూడకుండా, ముందు ఒకసారి పాడి చూసుకోకుండా, మొదటి ప్రయత్నంలోనే చివరిదాకా వచ్చేవి.

నాలుక చివర ఉన్నవి: ఒకటి రెండు చోట్ల తడబడి, ఒక్కసారి పుస్తకం చూస్తే లేచి వచ్చేవి.

పుస్తకంలో ఉన్నవి: మిగతావన్నీ.

ఇక్కడ నిజాయితీ ముఖ్యం. "వచ్చినట్టే ఉంది" అనిపించేవన్నీ రెండో గుంపే. అనుమానం ఉంటే ఇంకో పరీక్ష పెట్టండి. పల్లవితో కాకుండా నేరుగా చరణంతో మొదలుపెట్టండి. మొదటి పదం, మొదటి స్వరం, తాళంలో ఎత్తుగడ, మూడూ ఒకేసారి అందాయా? అందితే ఆ పాట మీది. అందకపోతే, ముందు లైను ఊపులో కొట్టుకొస్తోందన్నమాట. స్టేజీ మీద ముందుగా ఆగిపోయేది ఆ ఊపే.

మొదటి గుంపులో నాలుగే మిగిలాయా? మంచిది. నాలుగుతో మొదలుపెడదాం.

పన్నెండు చాలు

యాభై పాటలు సిద్ధంగా ఉంచుకోవాలని అనుకోకండి. ఉద్యోగం, ఇల్లు, పిల్లల స్కూలు ఉన్న మనిషికి పన్నెండు పాటలు సరైన సంఖ్య. గంటన్నర కచేరీకి వాటితోనే సరిపోతుంది. పది నిమిషాల అవకాశం వస్తే అందులోంచి రెండు ఏరుకుంటారు.

ఏ పన్నెండు? ఈనాటి కచేరీ పద్ధతికి రూపమిచ్చినవారిగా అరియకుడి రామానుజ అయ్యంగార్‌ను (1890–1967) చెప్పుకుంటాం. ఆ వరుసనే మీ కొలతకు తగ్గించుకోండి:

ఒక వర్ణం. ఒక వినాయక కృతి. చురుకుగా నడిచే చిన్న కృతులు రెండు. నిదానంగా నడిచే కృతి ఒకటి. రాగం పాడి, స్వరకల్పన చేయగలిగిన పెద్ద కృతి ఒకటి. తోడి, కల్యాణి, మోహన, శంకరాభరణం, ఏదైనా సరే, మీకు ఎక్కువ చనువున్న రాగం. అమ్మవారి మీద ఒకటి. అన్నమయ్యది ఒకటి, రామదాసుది ఒకటి, ఒక తరంగం. ఒక జావళి గానీ తిల్లానా గానీ. చివర మంగళం.

తాళాలు కూడా చూసుకోండి. అన్నీ ఆదితాళమే అయితే వినేవాళ్లకు ఒకే దారిలో నడిచినట్టుంటుంది. ఒక రూపకం, ఒక మిశ్రచాపు ఉండి తీరాలి. ఏడు అక్షరాల నడక చేతికి పట్టడానికి టైమ్ పడుతుంది కాబట్టి ఆ పాటను ఈరోజే ఎంచుకోండి.

ఒక హెచ్చరిక. శ్రీరాగం, మధ్యమావతి రెండిటి ఆరోహణా ఒకటే: స రి మ ప ని స. అవరోహణలో గాంధారం పలికే తీరులోనే శ్రీరాగం బయటపడుతుంది. ఒక నవరాత్రుల సాయంత్రం గుడిలో శ్రీరాగ కృతి పాడుతూ నేను మధ్యమావతిలోకి వెళ్లిపోయాను. తిరిగి రావడానికి రెండు ఆవర్తాలు పట్టింది. ఆ రోజు నేను తెలుసుకున్నదేమిటంటే, దగ్గరి చుట్టాల్లాంటి రాగాలను విడివిడిగా సాధన చేస్తే సరిపోదు. ఆరభి, దేవగాంధారి కూడా అలాంటి జంటే. ఇంట్లో వాటిని పక్కపక్కన పెట్టుకుని పాడండి. ఇది ఎక్కడ ఆగుతుంది, అది ఎక్కడ సాగుతుంది, చెవికి తేడా తెలిసేదాకా పాడండి. కచేరీలో మాత్రం పక్కపక్కన పెట్టకండి.

నెమరు వేయండి

సాధన వేరు, నెమరు వేరు. సాధన అంటే తప్పు దగ్గర ఆగి, ఆ సంగతిని పదిసార్లు అని సరిచేయడం. నెమరు అంటే ఆగకుండా, చూడకుండా మొదటి నుంచి చివరి దాకా గుర్తుచేసుకుని పాడడం. మనలో చాలామంది సాధన చేస్తారు. నెమరు వేయరు. పాటలు జారిపోయేది అక్కడే.

జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల వరుసలను తానే బట్టీపట్టి, తన మరుపును తానే కొలిచి 1885లో పుస్తకం రాశాడు. ఆయన చూసిందిది: నేర్చుకున్న వెంటనే మరుపు వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. ఎడం ఇచ్చి తిరగేస్తే ఒకే రోజు రుద్దినదానికంటే బాగా నిలుస్తుంది. మీ కొత్త కృతికీ ఇదే వర్తిస్తుంది. నేర్చుకున్న మర్నాడు ఒకసారి, మూడో రోజు ఒకసారి, వారానికి, రెండు వారాలకు, నెలకు. ఆదివారం ఒకేపూట ఇరవైసార్లు పాడితే సోమవారానికి ధైర్యం మిగులుతుంది, నెల తర్వాత పాట మిగలదు.

పన్నెండు పాటలకు నేను చెప్పే పద్ధతి చాలా సులువు.

1. పన్నెండు చీటీలు రాయండి. చీటీ మీద రాగం పేరు, తాళం మాత్రమే ఉండాలి. సాహిత్యం వద్దు. ఒక డబ్బాలో వేయండి.

2. రోజూ మూడు చీటీలు తీయండి. శ్రుతిపెట్టె గానీ తంబురా యాప్ గానీ ఆన్ చేసి, తాళం వేస్తూ పాడండి. మొత్తం ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు.

3. తప్పు వచ్చినా ఆగకండి. అయిపోయాక చీటీ వెనక రాయండి: "చరణం రెండో లైను", "మూడో సంగతి". మర్నాటి సాధన దానిమీదే.

4. తీసిన చీటీలు పక్కన పెట్టండి. నాలుగు రోజుల్లో డబ్బా ఖాళీ అవుతుంది. మళ్లీ వేయండి.

అంటే ప్రతి పాటా నాలుగు రోజులకొకసారి మీ నోట్లోంచి వస్తుంది. "టైమ్ లేదు" అనే మాటకు ఇక్కడ చోటు లేదు. ఇరవై నిమిషాలు మీ దగ్గర ఉన్నాయి. ఇప్పుడవి ఫోన్‌కు వెళ్తున్నాయి.

తీరిక గురించి ఇంకొక మాట. శ్రీపాద పినాకపాణి గారు (1913–2013) వృత్తిరీత్యా వైద్యులు. కర్నూలు వైద్య కళాశాలలో ప్రొఫెసర్. అదే మనిషి నేదునూరి కృష్ణమూర్తి, ఓలేటి వెంకటేశ్వర్లు లాంటివారికి పాఠం చెప్పారు. వందల కృతులను సంగతులతో సహా స్వరలిపిలో రాశారు. ఆ పని తిరుమల తిరుపతి దేవస్థానం ప్రచురించిన 'సంగీత సౌరభం' సంపుటాల్లో ఉంది. 1983లో సంగీత కళానిధి అందుకున్నారు. ఆయన ప్రతిభను మనం కొలవలేం, కానీ ఒక అలవాటును అరువు తెచ్చుకోవచ్చు: రాయడం. మీ పాఠాంతరాన్ని మీ చేత్తో, పుస్తకం మూసి, స్వరంతో సహా రాయండి. పెన్ను ఎక్కడ ఆగిందో మీ పాట అక్కడ బలహీనంగా ఉంది. ఇంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు.

అర్థం మీ ఆస్తి

అన్నమయ్య, రామదాసు పాటల్లో చరణాలన్నీ తరచు ఒకే వరుసలో నడుస్తాయి. అక్కడే మొదటి చరణం మూడోదైపోతుంది. రాగం కాపాడదు. అర్థమే కాపాడాలి.

తమిళనాడులో ఎందరో గాయకులు త్యాగరాజ కృతుల కోసం తెలుగు పదాలను ప్రయత్నపూర్వకంగా నేర్చుకుంటారు. మీకు ఆ భాష అమ్మ ఒడిలోనే వచ్చింది. వాడుకోండి! ప్రతి చరణం ఏం చెబుతోందో ఒక్క మాటలో రాసుకోండి: పిలుపు, నిష్ఠూరం, వేడికోలు. ఆ మూడు మాటలు గుర్తుంటే చరణాల వరుస తప్పదు. పదం విరుపు కూడా తప్పదు. మాట మధ్యలో ఊపిరి తీసుకుని అర్థాన్ని రెండు ముక్కలు చేసే అలవాటు మనలో చాలామందికుంది. దయచేసి మానేయండి. తెలుగువాళ్లం మనమే అలా పాడితే ఇక ఆ సాహిత్యాన్ని ఎవరు కాపాడతారు?

వీణ, వయొలిన్ వాయించేవాళ్లకూ ఇది అవసరమే. వేళ్లు మరిచిపోయినప్పుడు మనసులో నడుస్తున్న సాహిత్యమే చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. వాయించే ప్రతి కృతినీ పాడడం నేర్చుకోండి.

తప్పును కూడా ప్రాక్టీస్ చేయండి

స్టేజీ మీద మరుపు వస్తుంది. పెద్దవాళ్లకూ వస్తుంది. తేడా అంతా తర్వాతి నాలుగు సెకన్లలో ఉంది.

కృతిలో మీకో భద్రమైన చోటు ఉంది. పల్లవి. అనుపల్లవి అయ్యాక అక్కడికే వస్తారు, చరణం అయ్యాక అక్కడికే వస్తారు. దారి తప్పినా అక్కడికే రండి. తాళం వేస్తున్న చెయ్యి మాత్రం ఆగకూడదు. చెయ్యి నడుస్తుంటే మృదంగం మీతోనే ఉంటుంది, వయొలిన్ మిమ్మల్ని అందుకుంటుంది.

దీన్ని ఇంట్లో ఆటలా చేయండి. మీరు పాడుతుండగా మీ అబ్బాయినో అమ్మాయినో ఎప్పుడు పడితే అప్పుడు చప్పట్లు కొట్టమనండి. చప్పట్లు వినగానే ఉన్న లైను వదిలేసి, తాళం తప్పకుండా, ఎత్తుగడ సరిచూసుకుని పల్లవి అందుకోవాలి. పిల్లలకు సరదా. రెండు వారాల్లో మీలో భయం తగ్గడం మీకే తెలుస్తుంది.

శ్రుతి విషయంలో గట్టిగా ఉండండి. మీ జాబితాలో అన్నిటికంటే పైస్థాయికి వెళ్లే పాట ఏదో చూడండి. దాన్ని మొదట కాదు, గంటసేపు పాడాక పాడి చూడండి. అప్పుడు హాయిగా పలికిన శ్రుతే మీ శ్రుతి. ఒకటిన్నరా, అయిదున్నరా అన్నది గొంతు నిర్ణయిస్తుంది, పక్కవాళ్లు కాదు. కార్యక్రమం రోజు మార్చకండి.

పండుగల క్యాలెండర్

మనకు పాటల అవకాశాలు చెప్పి వస్తాయి. వినాయక చవితి, దేవీ నవరాత్రులు, శ్రీరామనవమి. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన. ఆ రోజు తిరువయ్యారులోనే కాదు, మన ఊళ్లలోనూ గోష్ఠిగా పంచరత్నాలు పాడతారు. అమెరికాలో ఉన్నవాళ్లకు క్లీవ్‌లాండ్ ఆరాధన 1978 నుంచీ ఉంది. ఆ పంచరత్నాల రాగాలు నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. ఈ అయిదూ పన్నెండు చీటీల్లోకి రావు. వాటికి వేరే డబ్బా పెట్టండి. కార్తీకంలోనే తెరవండి. స్వరం, సాహిత్యం రెండూ పాడాల్సిన చరణాలు వారం రోజుల్లో లేవవు.

మిగతా పండుగలకు మూడు వారాల ముందు ఆ పాట చీటీని డబ్బాలో అదనంగా వేయండి. కొత్త పాట పన్నెండులోకి రావాలంటే ఒక షరతు: ముగ్గురు మనుషుల ముందు, మూడు వేర్వేరు రోజుల్లో, పుస్తకం లేకుండా పాడి ఉండాలి. అది లోపలికి వచ్చిన రోజు ఇంకొకటి బయటికి వెళ్తుంది. వెళ్లిన పాట చచ్చిపోదు. దాని చీటీ వెనక తేదీ రాసి దాచండి. కావాలంటే ఒక వారంలో లేచి వస్తుంది.

ప్రేక్షకుల కోసం ఎదురుచూడకండి. నెలాఖరు శనివారం ఇంట్లో నలుగురిని కూర్చోబెట్టండి. అపార్ట్‌మెంట్ వినాయకుడి మండపం, వీధి చివరి రామాలయం, అత్తగారింట్లో సత్యనారాయణ వ్రతం, అన్నీ వేదికలే. ఇద్దరు వింటే కచేరీ కిందే లెక్క. ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. మర్నాడు కాదు, మూడో రోజు వినండి. మర్నాడు వింటే బాధే వినిపిస్తుంది, మూడో రోజుకు పాట వినిపిస్తుంది.

ఈ రాత్రి భోజనాలయ్యాక పాత నోట్‌బుక్ తీసి చీటీలు రాయండి. పన్నెండు లేకపోతే నాలుగే రాయండి. డబ్బాలో వేసి, తంబురా ఆన్ చేసి, ఒకటి తీయండి. నోట్‌బుక్ మాత్రం పక్క గదిలో పెట్టి రండి.