మన పూర్వులు ఎట్లు మరణించిరి? – కుటుంబ మరణ లేఖనముల పరిశీలన

రాజులు, నవాబులు ఎట్లు మరణించిరో చరిత్ర గ్రంథములు చెప్పును. మన ముత్తాత ఎట్లు మరణించెనో చెప్పు గ్రంథము ఏదియు లేదు. ఆ సంగతి ఇంటిలో పెట్టె అడుగున పసుపువారిన కాగితముపైనో, కబరస్తానులోని రాతిపైనో, గ్రామాధికారి వ్రాసిన రిజిస్టరులోనో, ముదుసలి అవ్వ జ్ఞాపకమునందో దాగియుండును. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటియు పూర్తి సత్యమును చెప్పదు. నాలుగింటిని ప్రక్కప్రక్కన ఉంచి చదివినప్పుడే ఒక మనిషి మరణము మనకు కొంతవరకైనను అర్థమగును. ఆ చదువు ఎట్లు సాగవలెనో మన విద్యార్థులకు తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

లేఖనములు ఎచ్చట ఉండును?

ముస్లిం కుటుంబములలో పెద్దలు జనన మరణములను బయాజు పుస్తకములందును, ఇంటిలోని గ్రంథముల ఖాళీ పుటలందును వ్రాసియుంచుట వాడుక. సమాధులపై కత్బాలు ఉండును. కొన్ని కత్బాలపై అంకెలలో సంవత్సరము కనబడదు. ఒక పద్యపాదములోని అక్షరములకు అబ్జద్ లెక్క ప్రకారము విలువలు కట్టి కూడినచో మరణ సంవత్సరము వచ్చును. ఆ లెక్కలో అలిఫ్ విలువ 1, బే విలువ 2. ఇట్లు పెరుగుచు గైన్ విలువ 1000 అగును. మన తెలుగు శాసనములలో నేత్రములనగా 2 అనియు, వేదములనగా 4 అనియు సంవత్సరమును మాటలలో చెప్పు పద్ధతి కలదు. రెండు భాషల వారికిని ఒకే ముచ్చట తోచినదన్నమాట.

హిందూ కుటుంబములలో తద్దినము పెట్టుటకు మాసము, పక్షము, తిథి తప్పక గుర్తుంచుకొందురు. సంవత్సరమును మరచిపోవుదురు, ఏలయనగా తద్దినమునకు సంవత్సరముతో పని లేదు. బర్సీ ఫాతెహా విషయమునను ఇంతే. నెల, తేదీ నిలుచును, సంవత్సరము జారిపోవును. క్రైస్తవ కుటుంబముల వారికి చర్చి భూస్థాపన రిజిస్టరు ఆధారము. ఇవి గాక సర్కారు లేఖనములు గలవు. మద్రాసు రాజధానిలోని గ్రామములందు మునసబు, తెలంగాణమున పోలీసు పటేలు జనన మరణములను నమోదు చేయుచుండిరి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ వంశపారంపర్య గ్రామోద్యోగములు 1984లో రద్దయినవి.

ఇచ్చట మనము గ్రహింపవలసిన మొదటి సూత్రము ఇది: ఏ లేఖనమైనను తన అవసరమునకు తగినంత మాత్రమే చెప్పును. కర్మకు తిథి కావలెను, సమాధికి పేరు కావలెను, సర్కారుకు సంఖ్య కావలెను. మరణమునకు కారణమేమి అను ప్రశ్నను వీనిలో అధిక భాగము అడుగనే లేదు.

తేదీలను కలుపు విధము

హిజ్రీ సంవత్సరము చాంద్రమానము. దానికి సుమారు 354 దినములు. అందువలన 33 హిజ్రీ సంవత్సరములు సుమారు 32 ఇంగ్లీషు సంవత్సరములకు సమానము. హిజ్రీ సంవత్సరమును 33చే భాగించి, వచ్చినదానిని అసలు సంఖ్య నుండి తీసివేసి, 622 కూడినచో ఇంగ్లీషు సంవత్సరము లభించును. ఉదాహరణకు 1337ను తీసికొందము. దానిని 33చే భాగించగా సుమారు 40½ వచ్చును. తీసివేసి 622 కూడగా 1918½ అగును. నిజముగానే 1337 హిజ్రీ 1918 అక్టోబరులో ఆరంభమైనది. అట్లే 66 ఏండ్ల వయసున పోయెనని హిజ్రీ లెక్కన వ్రాసియున్నచో, సౌరమానమున ఆయన వయసు 64 మాత్రమే.

నిజాం రాజ్యపు కాగితములలో ఫస్లీ సంవత్సరము ఉండును. అచ్చటి ఫస్లీ అక్టోబరులో ఆజుర్ మాసముతో మొదలగును. ఆరంభమునకు 590 కూడవలెను. జనవరి తరువాతి నెలలకు 591 కూడవలెను. తెలుగు సంవత్సరముల పేర్లు 60 ఏండ్లకొకమారు తిరిగివచ్చును గనుక, ధాత అని మాత్రమే వ్రాసియున్నచో అది 1876యో 1936యో ఇతర ఆధారముతో తేల్చుకొనవలెను.

మరియొక సౌలభ్యము గలదు. ఉభయ పంచాంగములకును చంద్రుడే సాక్షి. నెలవంక కనబడునది సాధారణముగా శుద్ధ విదియనాడు గనుక, హిజ్రీ తేదీకిని తెలుగు తిథికిని ఒకటి రెండు దినముల భేదము మాత్రమే ఉండును. కావున ఉర్దూ కాగితములోని తేదీని తెలుగు రిజిస్టరుతో సరిచూచుట మనవంటి ద్విభాషా కళాశాల వారికి కష్టము గాదు.

వ్యాధుల పేర్లు, వాని వెనుక నిజము

ఆనాటి సర్కారు రిజిస్టరులలో మరణ కారణములకు కొన్ని శీర్షికలు మాత్రమే ఉండెను: కలరా, మశూచి, ప్లేగు, జ్వరము, అతిసారము, శ్వాసకోశ వ్యాధులు, గాయములు, ఇతరములు. వ్రాయువాడు వైద్యుడు కాడు. ఇంటివారు చెప్పినదే ఆయన కలమునకు ఎక్కును. కలరాను తెలంగాణమున గత్తర యందురు, కోస్తాలో వాంతిభేది యందురు, ఉర్దూలో హైజా యందురు. మశూచి వచ్చినచో అమ్మవారు పోసినదని తెలుగువారును, చేచక్ అని ఉర్దూవారును వ్రాయుదురు. ఈ రెంటిని గుర్తించుట సులభము గనుక ఆ పేర్లను చాలవరకు నమ్మవచ్చును. కాని జ్వరము లేక బుఖార్ అను మాట ఒక పెద్ద గోనెసంచి వంటిది. అందులో మలేరియా, టైఫాయిడ్, న్యుమోనియా, బాలింత జ్వరము అన్నియు ఇమిడియుండును. మలేరియా దోమ వలన వచ్చునని తేల్చిన పరిశోధన 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులోనే జరిగినది. రోనాల్డ్ రాస్ పరీక్షించిన దోమలు హుసేన్ ఖాన్ అను రోగి రక్తము త్రాగినవి. అంతకు పూర్వము మన పూర్వులకు జ్వరమే తెలిసెను గాని దాని మూలము తెలియదు.

వ్రాయని కారణములు ఇంకను గలవు. 1876-78 నాటి గొప్ప కరువును రాయలసీమ వారు ధాత కరువు అని చెప్పుకొనుచున్నారు. ఆకలిచే చిక్కిశల్యమైన వారిని కలరా, అతిసారము హరించెను. రిజిస్టరులో వ్యాధి పేరు ఎక్కెను గాని ఆకలికి అచ్చట శీర్షికయే లేదు. క్షయ విషయమున కుటుంబమే మౌనము వహించును. ఆ మాట వ్రాసినచో ఇంటి ఆడపిల్లలకు సంబంధములు రావను భయముతో దగ్గు అనియో, నీరసము అనియో చెప్పుదురు. కావున లేఖనములోని మాటతో పాటు, ఆ మాట అనుటకు ఇంటివారికి గల కారణమును కూడ ఆలోచింపవలెను.

ఒక సంవత్సరపు సాక్ష్యము

తేదీలే కారణమును చెప్పు సందర్భములు గలవు. ఒక కుటుంబ వృక్షములో పాతికకును నలుబదికిని మధ్య వయసుగల ఇద్దరు ముగ్గురు 1337 ముహర్రం, సఫర్ మాసములలో మరణించినట్లున్నచో, కారణము వ్రాయకపోయినను ఊహింపవచ్చును. అవి కాళయుక్తి నామ సంవత్సర ఆశ్వయుజ, కార్తిక మాసములు, అనగా 1918 అక్టోబరు, నవంబరు నెలలు. ఆనాడు ఇన్‌ఫ్లుయెంజా దేశమంతట వ్యాపించి, ముసలివారి కంటె యౌవనములోని వారిని ఎక్కువగా కబళించెను. మన దేశమున మృతుల సంఖ్యను సుమారు 1 కోటి 20 లక్షల నుండి 2 కోట్ల వరకు పండితులు అంచనా వేసిరి. హైదరాబాదు రాజ్యపు జనాభా 1911లో సుమారు 1 కోటి 33 లక్షలుండగా 1921లో 1 కోటి 24 లక్షలకు తగ్గెను. అట్లే 1326 రంజాను మాసపు తొలి దినములలో ఒకే ఇంటివారు పలువురు పోయినట్లున్నచో, అది 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద కావచ్చును.

లేఖనమునకెక్కని వారు

మన పూర్వులలో అధిక సంఖ్యాకులు ముసలితనమున పోలేదు, పసితనముననే పోయిరి. 1937లో బ్రిటిష్ ఇండియాలో పుట్టిన ప్రతి 1000 మంది శిశువులలో 162 మంది ఏడాది నిండకుండగనే మరణించిరని 1946 నాటి భోర్ కమిటీ నివేదిక తెల్పుచున్నది. 2020లో ఆ సంఖ్య మన దేశమున 28. ఆనాటి సగటు ఆయుర్దాయము 27 ఏండ్లనగా అందరును 27వ ఏట మరణించిరని అర్థము గాదు. శిశు మరణములు ఆ సగటును క్రిందికి లాగినవి. బాల్యము దాటినవారు పలువురు షష్టిపూర్తి చూచిరి.

ఆ శిశువులకు కత్బా లేదు, తద్దినము లేదు. కొందరికి పేరు కూడ లేదు. స్త్రీల సంగతియు ఇంచుమించు ఇట్టిదే. వంశవృక్షములలో పురుషుల పేర్లు వరుసగా ఉండును. స్త్రీ పేరు ఉండవలసిన చోట ఫలానా వారి అహ్లియా అనియో, భార్య అనియో ఉండును. ఒక తాతకు మూడు వివాహములని వృక్షములో కనబడినచో వెంటనే బహుభార్యాత్వమని తలపరాదు. మొదటి ఆమె చివరి బిడ్డ పుట్టిన తేదీని, ఆమె మరణ తేదీని ప్రక్కప్రక్కన ఉంచి చూడవలెను. రెంటికిని నడుమ కొలది దినములే ఉన్నచో ఆమె పురిటిలో పోయినదని గ్రహింపవచ్చును. వ్రాసినవారు చెప్పని మాటను రెండు తేదీలు చెప్పును.

కుటుంబ దోషమా, లోక దోషమా?

ఒకే వారములో ఇద్దరు అన్నదమ్ములు పోయినచో నీటినో, అంటువ్యాధినో అనుమానింపవలెను. మూడు తరములలో పురుషులు ఏబదవ ఏట హఠాత్తుగా పోయినచో గుండె జబ్బు వంశమునందే ఉన్నదేమో వైద్యుని అడుగవలెను. కాలిపుండు మానక మరణించెనని పాత కాగితములో ఉన్నచో అది మధుమేహము కావచ్చును. ఇన్సులిన్ 1922లో గాని రోగులకు అందలేదు. ఇట్టి సమాచారము గతించినవారికి పనికిరాదు. బ్రతికియున్న మనుమలకు పనికివచ్చును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులిద్దరు స్ప్రూ అను గ్రహణి వ్యాధితో మరణించిరి. తరువాత అమెరికాలో ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము తయారై, ఆ వ్యాధి చికిత్సకు ఉపయోగపడెను. ఇంటిలోని మరణమునకు కారణము తెలిసియుండుట ఎంతటి మేలునకు దారితీయగలదో దీనివలన తెలియును.

మన కర్తవ్యము

1969 నాటి చట్టము ప్రకారము ప్రతి మరణమును 21 దినములలో తెలియజేయవలెను. 2023 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చిన సవరణ ప్రకారము, ఆసుపత్రిలో మరణము సంభవించినచో కారణమును తెలుపు ధ్రువపత్రము ప్రతిని దగ్గరి బంధువుకు ఇయ్యవలెను. అయినను 2020లో మన దేశమున నమోదైన మరణములలో వైద్యులు కారణమును ధ్రువీకరించినవి 22.5 శాతము మాత్రమే. అనగా మన మునిమనుమలు కూడ మనవలెనే జ్వరము అను మాట ముందు నిలిచి ఆలోచింపవలసి వచ్చును.

కావున విద్యార్థినీ విద్యార్థులు ఈ సెలవులలో ఒక నోటుపుస్తకము తీసికొని ఐదు గడులు గీయవలెనని కోరుచున్నాము: పేరు, తేదీ ఏ పంచాంగములో ఉన్నదో అట్లే, వయసు, ఇంటివారు చెప్పిన కారణము, చెప్పినవారు ఎవరు. చెప్పిన మాటను దిద్దక వ్రాయవలెను. ఊహను వేరుగా వ్రాయవలెను. దుఃఖము కలిగించు ప్రశ్నను పెద్దలపై ఒత్తిడి చేసి అడుగరాదు. మొదట నాయనమ్మను, అమ్మమ్మను అడుగవలెను, ఏలయనగా కాగితమునకెక్కని స్త్రీల, శిశువుల మరణములు వారికే తెలియును. శికస్తా వ్రాత చదువలేని తెలుగు విద్యార్థి ఉర్దూ శాఖ మిత్రుని సాయము పొందవలెను. గ్రామ రిజిస్టరు చదువలేని ఉర్దూ విద్యార్థి తెలుగు మిత్రుని అడుగవలెను.

కళాశాల కార్యవర్గము వారికి ఒక మనవి. కత్బాల అక్షరములు వానకు అరిగిపోవుచున్నవి, బయాజులు చెదలపాలగుచున్నవి, వానిని చదువగల పెద్దలు ఏటేట తగ్గుచున్నారు. కుటుంబముల అనుమతితో ఈ లేఖనముల నకళ్లను భద్రపరచుటకు గ్రంథాలయమున ఒక బీరువా కేటాయించిన చాలును. అందు మొదట చేరవలసినవి, ఏ రాతిపైనను పేరు లేని తల్లుల వివరములు.