పాఠం 17: ఆమ్ల వర్షం తగ్గాక చెరువులు, వాగులు ఎలా కోలుకుంటాయి?

17.0 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• ఒకే రకమైన ఆమ్ల వర్షం ఒక చెరువును పాడుచేసి, మరో చెరువును ఎందుకు పాడుచేయదో వివరించగలుగుతారు.
• కోలుకోవడంలోని మూడు దశలను వరుసగా చెప్పగలుగుతారు.
• కోలుకోవడానికి దశాబ్దాలు ఎందుకు పడుతుందో కారణాలు ఇవ్వగలుగుతారు.
• నీటిలో సున్నం కలపడం వల్ల కలిగే లాభాన్ని, దాని పరిమితిని గుర్తించగలుగుతారు.

17.1 పరిచయం

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చి భిలాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మీది అలాంటి కుటుంబమైతే, కర్మాగారం తొలి రోజుల గురించి మీ ఇంటి పెద్దలు చెప్పగా వినే ఉంటారు. ఇక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ ఫర్నేస్ వెలగడంతో వేల ఇళ్లలో పొయ్యి వెలిగింది. దానితోపాటు చిమ్నీల పొగ కూడా మొదలైంది.

ఇప్పుడు ఒక ప్రశ్న ఆలోచించండి. పొగలోని వాయువులు వానతో కలిసి ఒక చెరువును పాడుచేశాయనుకుందాం. పొగను అదుపు చేస్తే ఆ చెరువు మళ్లీ బాగవుతుందా? బాగైతే ఎన్నాళ్లకు? "ముందు పని కానివ్వండి, చెరువు సంగతి తరువాత చూసుకుందాం" అనే మాట మనం తరచు వింటూ ఉంటాం. ఆ మాట సరైనదో కాదో ఈ పాఠం చివర మీరే నిర్ణయించగలుగుతారు.

17.2 ఆమ్ల వర్షం అంటే ఏమిటి?

ద్రవం ఎంత ఆమ్లమో పి.హెచ్. విలువతో కొలుస్తారు. 7 తటస్థం. 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఈ కొలతలో ఒక అంకె తగ్గితే ఆమ్లత 10 రెట్లు పెరుగుతుంది. అంటే పి.హెచ్. 4 ఉన్న నీరు పి.హెచ్. 6 ఉన్న నీటికన్నా 100 రెట్లు ఆమ్లం.

స్వచ్ఛమైన వాన నీరు కూడా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని కొంచెం ఆమ్లంగా, సుమారు 5.6 దగ్గర ఉంటుంది. బొగ్గు, కోక్ ఓవెన్ వాయువు మండినప్పుడూ, సింటర్ తయారీలోనూ వాటిలోని గంధకం సల్ఫర్ డయాక్సైడ్‌గా మారుతుంది. కొలిముల వేడికి, వాహనాల ఇంజన్లలో నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. ఇవి గాలిలో సల్ఫ్యూరిక్ ఆమ్లంగా, నైట్రిక్ ఆమ్లంగా మారి వానతో దిగుతాయి. ఇదే ఆమ్ల వర్షం. ఈ పేరును ప్రచారంలోకి తెచ్చినవాడు రాబర్ట్ ఆంగస్ స్మిత్ అనే బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త. మాంచెస్టర్ నగరపు వానను పరీక్షించి ఆయన 1852లోనే దీని గురించి రాశాడు.

17.3 ఒకే వాన, రెండు చెరువులు

రెండు చెరువుల మీద ఒకే రకం ఆమ్ల వర్షం పడిందనుకోండి. మొదటి చెరువు చుట్టూ సున్నపురాయి నేల ఉంది. రెండో చెరువు చుట్టూ గ్రానైట్ రాయి, దాని మీద పలుచని మట్టి ఉన్నాయి. కొన్నేళ్లకు మొదటి చెరువులో మార్పు కనిపించదు. రెండో చెరువులో చేపలు కనిపించవు.

కారణం ఇది. సున్నపురాయిలోని కాల్షియం కార్బొనేట్ ఆమ్లంతో చర్య జరిపి దానిని తటస్థం చేస్తుంది. ఆమ్లాన్ని ఇలా తట్టుకొనే శక్తిని తటస్థీకరణ సామర్థ్యం అంటారు. గ్రానైట్ చాలా నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి ఆ శక్తి దానికి తక్కువ.

నష్టం రెండు విధాలుగా జరుగుతుంది. మొదటిది నేరుగా: పి.హెచ్. 5 దగ్గర చాలా రకాల చేపల గుడ్లు పిల్లలు కావు. రెండోది నేల ద్వారా: ఆమ్లం మట్టిలోని అల్యూమినియంను కరిగించి నీటిలోకి తెస్తుంది. అది చేపల మొప్పల మీద పేరుకొని ఊపిరి అందకుండా చేస్తుంది. విచిత్రమేమిటంటే, ఇలా పాడైన సరస్సు నీరు అద్దంలా తేటగా కనిపించవచ్చు. తేటగా ఉన్న నీరంతా మంచి నీరు కాదని గుర్తుంచుకోండి.

17.4 భిలాయి సంగతి ఏమిటి?

భిలాయి, దుర్గ్, రాయపూర్ ప్రాంతపు నేల అడుగున సున్నపురాయి విస్తారంగా ఉంది. నందిని గనుల సున్నపురాయి ఉక్కు కర్మాగారానికి వెళుతుంది. జాముల్‌లో సిమెంటు కర్మాగారం ఉండటానికీ ఈ రాయే కారణం. బ్లాస్ట్ ఫర్నేస్‌లో సున్నపురాయి ముడి ఖనిజంలోని ఇసుకతో కలిసి దానిని లోహమలంగా, అంటే స్లాగ్‌గా బయటికి తెస్తుంది. నేలలో అదే రాయి వాన ఆమ్లాన్ని పట్టుకుంటుంది. దీనికి తోడు మన దేశపు గాలిలో క్షార గుణం గల మట్టి ధూళి ఎక్కువ. అది వానలోని ఆమ్లాన్ని ఆకాశంలోనే కొంత తగ్గిస్తుంది. అందువల్ల సున్నపురాయి నేల మీద ఉన్న చెరువుకు ఆమ్ల వర్షం నుంచి సహజమైన రక్షణ ఎక్కువ.

అయితే ఈ రక్షణ అన్ని చోట్లా ఒకేలా ఉండదు. వాతావరణ శాఖ 10 కేంద్రాల్లో సేకరించిన వాన నీటి వివరాలను 1987 నుంచి 2021 వరకు పరిశీలించగా విశాఖపట్నం, ప్రయాగరాజ్, అస్సాంలోని మోహన్‌బారిలలో వాన ఆమ్లత పెరుగుతున్నట్లు తేలింది. మన దేశంలో థర్మల్ విద్యుత్ కేంద్రాల సల్ఫర్ డయాక్సైడ్‌కు 2015 డిసెంబరులో పరిమితులు ప్రకటించారు. 2025 జులైలో చాలా కేంద్రాలకు ఆ నియమం నుంచి మినహాయింపు ఇచ్చారు. కాబట్టి ఇది మనకు సంబంధం లేని పాఠం కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

1. పి.హెచ్. 5 ఉన్న నీరు పి.హెచ్. 6 ఉన్న నీటికన్నా ఎన్ని రెట్లు ఆమ్లం?
2. ఆమ్ల వర్షాన్ని తట్టుకోవడంలో గ్రానైట్ నేల ఎందుకు బలహీనం?

17.5 కోలుకోవడంలో మూడు దశలు

పాడైన సరస్సులు కోలుకోవడాన్ని చూడాలంటే భిలాయిలాంటి మరో లోహపు పట్టణానికి వెళ్లాలి. అది కెనడాలోని సడ్‌బరీ. అక్కడ గంధకం కలిసిన ఖనిజం నుంచి నికెల్, రాగి తీస్తారు. ఆ పొగ వల్ల చుట్టుపక్కల సుమారు 7 వేల సరస్సులు ఆమ్లంగా మారాయని అంచనా.

1972లో అక్కడ 381 మీటర్ల ఎత్తుగల చిమ్నీ కట్టారు. పట్టణంలో గాలి మెరుగైంది. కాని పొగ తగ్గలేదు, దూరం వెళ్లి పడింది. ఎత్తైన చిమ్నీ పొరుగువారికి పంచిపెడుతుందే తప్ప నివారించదు. అసలు మార్పు గంధకాన్నే పట్టి ఉంచడం మొదలుపెట్టాక వచ్చింది. 1960ల స్థాయితో పోలిస్తే సల్ఫర్ డయాక్సైడ్ క్రమంగా 90 శాతానికి పైగా తగ్గింది. ఆ తరువాత కోలుకోవడం ఈ వరుసలో జరిగింది.

మొదటి దశ – గాలి: పొగ తగ్గిన వెంటనే వానలో సల్ఫేట్ తగ్గుతుంది.

రెండో దశ – నీరు: సరస్సులో సల్ఫేట్ తగ్గి, పి.హెచ్. నెమ్మదిగా పెరుగుతుంది. సడ్‌బరీ దగ్గరి క్లియర్‌వాటర్ సరస్సు పి.హెచ్. 1970లలో 4.3 దగ్గర ఉండేది. అది 6 దాటడానికి సుమారు 30 ఏళ్లు పట్టింది.

మూడో దశ – జీవులు: ముందు నాచు, తరువాత కంటికి ఆనని చిన్న జంతువులు, ఆపైన నత్తలు, పురుగులు, చివరకు చేపలు. నీరు బాగుపడినంత మాత్రాన చేప తనంతట తాను పుట్టదు. వాగు దారి ఉంటే పక్క నీటి నుంచి రావాలి, లేదా మనుషులు తెచ్చి వదలాలి. సడ్‌బరీలో నీటిలో మిగిలిన రాగి, నికెల్ ఈ దశను ఇంకా ఆలస్యం చేశాయి.

17.6 ఇంత ఆలస్యం ఎందుకు?

నేలలోని కాల్షియం, మెగ్నీషియంలను మీ పొదుపు ఖాతాగా ఊహించుకోండి. ఆమ్ల వర్షం పడిన ప్రతిసారీ ఆ ఖాతాలో నుంచి కొంత ఖర్చవుతుంది. ఖాతా నిండుగా ఉన్నన్నాళ్లూ చెరువుకు తేడా తెలియదు. ఖాళీ అయ్యాక ఆమ్లం నేరుగా నీటిలోకి వస్తుంది. ఇక వాన బాగుపడినా, ఖాతా నిండాలంటే రాయి అరిగి కొత్త కాల్షియం రావాలి. ఆ జమ ఏడాదికి చాలా కొద్ది.

దీనికి రుజువు అమెరికాలోని హబ్బార్డ్ బ్రూక్ అడవిలో దొరికింది. అక్కడ 1963 నుంచి వాన నీటినీ, వాగుల నీటినీ కొలుస్తున్నారు. వానలో ఆమ్లం తగ్గినా వాగులు ఆశించినంతగా కోలుకోలేదనీ, నేల నుంచి కాల్షియం కొట్టుకుపోవడమే ముఖ్య కారణమనీ శాస్త్రవేత్తలు 1996లో ప్రకటించారు. 1999లో ఒక వాగు పరీవాహక ప్రాంతమంతటా హెలికాప్టర్‌తో కాల్షియం సిలికేట్ చల్లారు. తరువాతి సంవత్సరాల్లో అక్కడి చెట్లు బలం పుంజుకున్నాయి, వాగు నీటిలో ఆమ్లత తగ్గింది.

ఆలస్యానికి మరో రెండు కారణాలున్నాయి. మట్టి పాత గంధకాన్ని దాచుకొని ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా వదులుతుంది. కరువు వచ్చి చిత్తడి నేల ఎండితే, అందులోని గంధకం గాలి తగిలి మళ్లీ ఆమ్లమవుతుంది. తరువాతి వానకు అదంతా సరస్సులోకి వస్తుంది. సడ్‌బరీ దగ్గరి స్వాన్ సరస్సు ఇలాగే 1980ల చివర, కోలుకుంటూ ఉండగానే, మళ్లీ ఆమ్లంగా మారింది.

17.7 సున్నం కలిపితే సరిపోదా?

స్వీడన్ ఈ పద్ధతిని పెద్ద ఎత్తున అనుసరించింది. 1970ల చివరి నుంచి వేల సరస్సుల్లో పొడి చేసిన సున్నపురాయి చల్లారు. చేపలు బతికాయి. కాని నీరు మారే కొద్దీ సున్నం కొట్టుకుపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ చల్లాలి. సున్నం జ్వరానికి వేసే మాత్రలాంటిది. జ్వరం తగ్గిస్తుంది, కారణాన్ని తొలగించదు.

హెచ్చరిక: పరీక్షలు చేయకుండా చెరువులో సున్నం గాని, స్లాగ్ గాని వేయకండి. పి.హెచ్. ఒక్కసారిగా పెరిగినా చేపలు చనిపోతాయి.

17.8 చేసి చూడండి

కావలసినవి: రెండు గాజు గ్లాసులు, వెనిగర్, నీరు, కడిగి పొడిచేసిన కోడిగుడ్డు పెంకు, కడిగిన గ్రానైట్ ముక్కలు, పి.హెచ్. పేపరు.

రెండు గ్లాసుల్లోనూ సగం వరకు నీరు పోసి, ఒక్కొక్క చెంచా వెనిగర్ కలపండి. ఒకదానిలో పెంకు పొడి, మరొకదానిలో గ్రానైట్ ముక్కలు వేయండి. మరునాడు పేపరుతో పరీక్షించండి. పెంకులో ఉన్నది కాల్షియం కార్బొనేట్ కాబట్టి ఆ గ్లాసులో ఆమ్లత తగ్గుతుంది. ఇప్పుడు ఆ గ్లాసులో రోజూ ఒక చెంచా వెనిగర్ కలుపుతూ పోండి. పెంకు కరిగిపోయాక ఏం జరిగిందో మీ నోటు పుస్తకంలో రాసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

3. సరైన వరుసలో రాయండి: చేపలు, వాన, నాచు, సరస్సు పి.హెచ్.
4. కరువు తరువాత సరస్సు మళ్లీ ఎందుకు ఆమ్లంగా మారవచ్చు?

17.9 సారాంశం

ఆమ్ల వర్షం తగ్గితే చెరువులు, వాగులు కోలుకుంటాయి. ఇది నిజం, ధైర్యమిచ్చే మాట. కాని గాలి కొన్నేళ్లలో, నీరు దశాబ్దాల్లో, జీవులు అంతకన్నా ఆలస్యంగా కోలుకుంటాయి. ఈ వేగాన్ని నిర్ణయించేది నేలలో మిగిలిన కాల్షియం. అందుకే నేల ఖాతా ఖాళీ కాకముందే పొగను తగ్గించడం అన్నిటికన్నా చవకైన చికిత్స. "తరువాత చూసుకుందాం" అన్నవారికి మీరు ఇవ్వగల జవాబు ఇదే.

17.10 పాఠాంత ప్రశ్నలు

1. పొదుపు ఖాతా పోలికతో నేల పాత్రను మీ మాటల్లో వివరించండి.
2. ఎత్తైన చిమ్నీ కట్టడం ఆమ్ల వర్షానికి పరిష్కారమా? సడ్‌బరీ ఉదాహరణతో చర్చించండి.
3. మీ ఇంటికి దగ్గరలోని చెరువు నీటినీ, మొదటి వాన నీటినీ పి.హెచ్. పేపరుతో పరీక్షించండి. తేడా ఉంటే కారణం రాసి, మీ అధ్యయన కేంద్రంలో చర్చించండి.

17.11 జవాబులు

1. 10 రెట్లు.
2. నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి తటస్థీకరణ సామర్థ్యం తక్కువ.
3. వాన, సరస్సు పి.హెచ్., నాచు, చేపలు.
4. చిత్తడి నేల ఎండినప్పుడు అందులోని గంధకం గాలి తగిలి ఆమ్లంగా మారి, తరువాతి వానతో సరస్సులో చేరుతుంది.