పోటీ పరీక్షల ప్రత్యేకం: పెదబయలు కొండల ఇటుకల పండుగ

పెదబయలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోని మండలం. జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది, కేంద్రం పాడేరు.

ఈ మన్యంలో చైత్రమాసపు ఇటుకల పండుగ ముఖ్యం. విత్తనాలకు పూజ చేస్తారు. మగవాళ్లు విల్లంబులతో వేటకు కదులుతారు. ఆడవాళ్లు దారికి అడ్డంగా నిలిచి, వచ్చేపోయేవారిని పండుగ డబ్బులు అడుగుతారు. ఆపై థింసా నాట్యం: ఒకరి వీపు వెనుక ఒకరు చేతులు పెనవేసి, డప్పు, తుడుము, మోరి వాద్యాలకు అడుగు కలుపుతారు. పరీక్షలో ప్రశ్న దాని పేరుకే పరిమితమైనా, వీలుంటే ఆ నాట్యం ఒక్కసారి చూడండి, ఇక మరచిపోరు.

పరీక్షలో తికమకపెట్టేవి ఇక్కడి గిరిజన తెగల భాషలే. గదబల గుతోబ్ ముండా శాఖది, అంటే ఆస్ట్రో ఏషియాటిక్ కుటుంబం. ఖోండుల కువి మాత్రం ద్రావిడ భాష, మన తెలుగుకు చుట్టం.