చింతపండుతో తుప్పు వదులుతుందా?

ప్రశ్న: మాది విశాఖ, ఇల్లు సముద్రానికి దగ్గర. కారు జాకీ హ్యాండిల్, స్పానర్లు, బ్రేక్ డిస్కులు తుప్పు పట్టాయి. చింతపండుతో రుద్దమంటున్నారు. మంచిదేనా?

జవాబు: చింతపండులోని టార్టారిక్ ఆమ్లం తుప్పును కరిగిస్తుంది, కాకపోతే నెమ్మదిగా. కిరాణా కొట్లో దొరికే నిమ్మఉప్పు ఇంకా నయం. లీటరు గోరువెచ్చటి నీళ్లలో 50 గ్రాములు కలిపి, స్పానర్లనూ హ్యాండిల్‌నూ కొన్ని గంటలు నాననివ్వండి. మధ్యమధ్య తీసి చూస్తుండండి. ఎక్కువసేపు ఉంచితే మంచి ఇనుమునూ తినేస్తుంది. బ్రష్‌తో రుద్ది, వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడిచి నూనె రాయండి. అసలు పని ఇక్కడే ఉంది. తడి ఇనుము మీ గాలికి నిమిషాల్లో మళ్లీ ఎర్రబడుతుంది. బాత్రూం యాసిడ్ జోలికి మాత్రం వెళ్లకండి. దాని ఆవిరికి పక్కనున్న సామాన్లూ తుప్పుపడతాయి.

డిస్కుల మీద పలుచటి ఎర్రపొర అయితే కంగారు వద్దు, నాలుగుసార్లు బ్రేక్ వేస్తే పోతుంది. వాటికి నూనె తగలనివ్వకండి, బ్రేకులు పట్టవు, ప్రాణాపాయం. గుంటలు పడినట్టు కనిపిస్తే మెకానిక్‌కు చూపించండి.