ఇంట్లో కొత్తగా వైఫై పెట్టించారా? ముందు ఈ సెట్టింగ్స్ మార్చండి!

పోయిన సంక్రాంతికి ఊరెళ్తే నాన్నది ఒకటే కంప్లైంట్: "ఒరేయ్, నెలనెలా డబ్బులు కడుతున్నా, నెట్ మాత్రం నత్తలా నడుస్తోంది రా." రూటర్ పేజీ ఓపెన్ చేసి చూశాను. నా ల్యాప్‌టాప్‌తో కలిపి మావి 5 డివైజ్‌లు. లిస్టులో ఉన్నవి 11! వైఫై పాస్‌వర్డ్ నాన్న మొబైల్ నంబరే. ఆ నంబరు కాలనీలో ఎవరికి తెలియదు?

నాకు అసలు భయం వేసింది వేరే విషయానికి. రూటర్ లాగిన్ పేరూ, పాస్‌వర్డూ రెండూ ఇంకా 'అడ్మిన్' అనే ఉన్నాయి. అంటే కనెక్ట్ అయినవాళ్లలో ఎవరైనా లోపలికెళ్లి డీఎన్ఎస్ అడ్రస్ మార్చేయొచ్చు. అప్పుడు మనం బ్యాంక్ సైట్ పేరు కరెక్ట్‌గా టైప్ చేసినా నకిలీ పేజీకి వెళ్లే ప్రమాదం ఉంది. బ్రౌజర్ వార్నింగ్ చూపిస్తుంది నిజమే, కానీ నాన్న చదవకుండా నొక్కేస్తే?

అందుకే ఒకటి గుర్తుపెట్టుకోండి. రూటర్‌కి రెండు తాళాలు ఉంటాయి. వైఫై పాస్‌వర్డ్ వీధి గేటుకి, అడ్మిన్ పాస్‌వర్డ్ బీరువాకి. చాలామంది మొదటిది మాత్రమే మారుస్తారు.

1. రూటర్ పేజీ: వైఫైకి కనెక్ట్ అయ్యి, బ్రౌజర్‌లో 192.168.1.1 లేదా 192.168.0.1 టైప్ చేయండి. మీ రూటర్ అడ్రస్, లాగిన్ వివరాలు సాధారణంగా దాని కింద స్టిక్కర్ మీద ఉంటాయి.

2. అడ్మిన్ పాస్‌వర్డ్: వెంటనే మార్చి, డైరీలో రాసిపెట్టుకోండి. మర్చిపోతే రీసెట్ చేయాలి. అప్పుడు ఇంటర్నెట్ కంపెనీ పెట్టిన కనెక్షన్ సెట్టింగ్స్ కూడా పోవచ్చు.

3. సెక్యూరిటీ మోడ్: డబ్ల్యూపీఏ3 పెట్టండి. పాత ఫోన్లు కనెక్ట్ కాకపోతే డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ చాలు. డబ్ల్యూఈపీ, ఓపెన్ మాత్రం అస్సలు వద్దు.

4. వైఫై పాస్‌వర్డ్: మన మొబైల్ నంబర్లు 6 నుంచి 9 లోపు అంకెతోనే మొదలవుతాయి కాబట్టి మొత్తం 400 కోట్ల కాంబినేషన్లే. పెద్ద సంఖ్యలా కనిపిస్తుంది కానీ, డబ్ల్యూపీఏ2 సిగ్నల్ రికార్డ్ చేసుకున్నవాడు మంచి గ్రాఫిక్స్ కార్డుతో గంటల్లో అన్నీ ట్రై చేసేయగలడు. సంబంధం లేని నాలుగు తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాయండి. మీకు గుర్తుంటుంది, ఊహించడం కష్టం.

5. డబ్ల్యూపీఎస్: ఆఫ్ చేయండి. దాని 8 అంకెల పిన్‌ని రూటర్ రెండు ముక్కలుగా చెక్ చేస్తుంది. అందుకే దాదాపు 11 వేల ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే బయటపడింది.

6. అప్‌డేట్, రిమోట్ మేనేజ్‌మెంట్: ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉంటే చేయండి. రిమోట్ మేనేజ్‌మెంట్ ఆన్‌లో ఉంటే ఆపేయండి.

7. గెస్ట్ నెట్‌వర్క్: ఇంటికొచ్చినవాళ్లకి ఇదే ఇవ్వండి. చాలా రూటర్లలో దీన్నుంచి మీ మిగతా డివైజ్‌లు, అడ్మిన్ పేజీ కనిపించవు.

మొత్తం పని అరగంటలో అయిపోయింది. మర్నాడు పొద్దున్నే పక్కింటి పిల్లాడు వచ్చి, "అంకుల్, మీ నెట్ పోయిందా?" అని అడిగాడు. నాన్న నా వైపు చూసి నవ్వారు. వాడికి పరీక్షలున్నాయట, గెస్ట్ పాస్‌వర్డ్ ఇచ్చి పంపారు. ఇప్పుడు వాడికి వరండా వరకే ఎంట్రీ. బీరువా తాళం మాత్రం నాన్న డైరీలో భద్రంగా ఉంది.