రంగులు మార్చే దీపం – లోపలి కిటుకు

తిరుపతిలో మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతుంది. బ్రహ్మోత్సవాలప్పుడు తిరుమల కొండంతా విద్యుద్దీపాలతో మెరిసిపోతుంది. ఇలాంటి వేడుకల్లో ఒకే దీపం ఎర్రగా వెలిగి, పసుపుగా మారి, నీలమై, చివరికి తెల్లబడటం మీరు చూసే ఉంటారు. ఎవరూ పైకెక్కి రంగు కాగితం మార్చలేదు కదా! మరి రంగు ఎలా మారింది?

ఒకటి కాదు, మూడు

ఆ దీపంలో ఒకే కటకం కింద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్‌ఇడిలు మూడు పక్కపక్కనే ఉంటాయి. ఎరుపు, ఆకుపచ్చ కలిసి వెలిగితే పసుపు. ఎరుపు, నీలం కలిస్తే ముదురు గులాబి. మూడూ తగుపాళ్ళలో కలిస్తే తెలుపు.

ఎర్రని కాంతినిచ్చే ఎల్‌ఇడిని 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ తయారుచేశాడు. ప్రకాశవంతమైన నీలం మాత్రం 1990ల దాకా దొరకలేదు. దాన్ని సాధించిన ఇసాము అకసాకి, హిరోషి అమనో, షుజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. నీలం లేకపోతే ఈ రంగుల ఆటే లేదు.

ప్రవాహానికి కళ్ళెం

వోల్టేజి కాస్త పెరిగితే చాలు, ఎల్‌ఇడిలో విద్యుత్ ప్రవాహం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పైగా వేడెక్కినకొద్దీ అదే వోల్టేజికి ఇంకా ఎక్కువ ప్రవాహాన్ని లాగుతుంది. ప్రవాహం పెరిగితే వేడి, వేడి పెరిగితే మరింత ప్రవాహం! చివరికి ఎల్‌ఇడి మాడిపోతుంది. అందుకే నిరోధకాన్ని కళ్ళెంగా వేయాలి.

ఒక వాట్ రకం ఎల్‌ఇడిలో సాధారణంగా 350 మిల్లీ ఆంపియర్ల వరకు ప్రవాహం పోవచ్చు. మనం 300, అంటే 0.3 ఆంపియర్‌తో సరిపెట్టుకుందాం. సరఫరా 5 వోల్టులు. ఎరుపు ఎల్‌ఇడి సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది. మిగిలినవి 3. ఓమ్ నియమం ప్రకారం 3 ÷ 0.3 = 10 ఓమ్‌లు. ఆకుపచ్చ, నీలం సుమారు 3 వోల్టులు తీసుకుంటాయి. మిగిలినవి 2. అంటే 2 ÷ 0.3 = 6.7 ఓమ్‌లు. అంగట్లో 6.8 ఓమ్‌లది దొరుకుతుంది.

ఎరుపు నిరోధకంలో 3 × 0.3 = 0.9 వాట్ వేడిగా మారుతుంది. పావు వాట్ నిరోధకం పెడితే అదే కాలిపోతుంది. 2 వాట్లది వాడాలి.

మూడింటికీ ఒకే నిరోధకం చాలదా? చాలదు. ఎరుపు తక్కువ వోల్టేజికే వెలుగుతుంది కనుక ప్రవాహమంతా దాదాపు అదే లాగేసుకుంటుంది. నీలం వెలగదు. ఎవరి కళ్ళెం వాళ్ళకే!

తూము తెరిచి మూసినట్టు

ఇక నారింజ రంగు కావాలంటే ఎరుపు పూర్తిగా, ఆకుపచ్చ కొంచెంగా వెలగాలి. కాంతిని తగ్గించేదెలా? చెరువు తూమును గంటలో అరగంటే తెరిస్తే సగం నీరే పారుతుంది కదా! అలాగే ఎల్‌ఇడిని సగం సమయం వెలిగించి, సగం సమయం ఆర్పితే సగం కాంతే వస్తుంది. ఆర్డుయినో ఊనో అనే చిన్న బోర్డు ఈ పనిని సెకనుకు సుమారు 490 సార్లు చేస్తుంది. అంత వేగాన్ని మన కన్ను పట్టుకోలేదు. నిలకడగా వెలుగుతున్నట్టే కనిపిస్తుంది.

అయితే ఆ బోర్డు కాలి నుంచి 20 మిల్లీ ఆంపియర్లకు మించి తీసుకోవడం మంచిది కాదు. ఎల్‌ఇడికి 300 కావాలి. అందుకే నడుమ ట్రాన్సిస్టర్ పెడతారు. బోర్డు చిన్న సంకేతమిస్తుంది, ట్రాన్సిస్టర్ పెద్ద ప్రవాహాన్ని వదులుతుంది, ఆపుతుంది. ఒక్కో రంగుకు ఒక్కో ట్రాన్సిస్టర్ కావాలి.

వేడిని మరవకండి

ఎల్‌ఇడికిచ్చిన శక్తిలో పెద్ద భాగం వేడిగానే మారుతుంది. దాన్ని అల్యూమినియం హీట్ సింక్‌కు గట్టిగా బిగించాలి. మే నెలలో మన తిరుపతి, చిత్తూరుల్లో గాలే 40 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. అలాంటప్పుడు హీట్ సింక్ మరింత పెద్దదిగా ఉండాలి. ఎండిన కొబ్బరాకు పందిరికి, గుడ్డ తోరణానికి ఆనించి ఈ దీపాన్ని ఎన్నడూ కట్టకండి.

ఇంటి కరెంటు 230 వోల్టులు. అది ప్రాణాంతకం. మీ ప్రయోగాలన్నీ 5 వోల్టుల అడాప్టర్‌తోనే, పెద్దవాళ్ళ ఎదుటే చేయండి. వెలుగుతున్న ఎల్‌ఇడిలోకి నేరుగా చూడకండి.

ఇప్పుడొక లెక్క. మూడు నీలం ఎల్‌ఇడిలను శ్రేణిలో కలిపి 12 వోల్టుల బ్యాటరీకి తగిలించాలి. 0.3 ఆంపియర్ ప్రవహించాలంటే ఎన్ని ఓమ్‌ల నిరోధకం కావాలి? అది ఎన్ని వాట్లను తట్టుకోవాలి? తీగ తగిలించే ముందు కాగితం మీద తేల్చుకోండి!