పాత మోటారు: బాగుచేయింతుమా, మార్చుదుమా?

మండు వేసవిలో కుళాయి వద్ద బిందెలు బారులు తీరినపుడు గాని నీటిపంపు మోటారు మనకు జ్ఞప్తికి రాదు. మోటారు కాలినదని పంపు నడుపువాడు చెప్పును. తీగ చుట్టించుటకై దానిని పట్టణమునకు పంపుదుము. అది తిరిగి వచ్చిన కొలది దినములకే మరల కాలును. పంచాయతీ నిధి తరుగును గాని పల్లె దాహము తీరదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో, పంచాయతీలకు అప్పగింపదగిన విషయములందు త్రాగునీరు ఒకటి. కావున ఈ విషయమును సభ్యులు స్వయముగ విచారించుట యుక్తము.

మొట్టమొదట తెలిసికొనవలసినది కారణము. మూడు ఫేజులలో ఒకటి పోయినను నడుచుచున్న మోటారు ఆగకపోవచ్చును. అప్పుడు మిగిలిన రెండింటిలో విద్యుత్తు మితిమీరి ప్రవహించి చుట్టలు కాలును. వోల్టేజి పడిపోవుట, బేరింగులు అరుగుట, పంపులో ఇసుక చేరి బిగియుట కూడ ఇట్టి కారణములే. వీనిని తొలగింపక క్రొత్త మోటారు పెట్టినను దానికిని అదే గతి పట్టును.

స్టార్టరులోని ఓవర్‌లోడు రిలే, మోటారు ఫలకముపై వ్రాసిన ఆంపియర్లకు సరిగా అమర్చబడి యుండవలెను. అది మాటిమాటికి మోటారును ఆపుచున్నదని తప్పించి తీగ కలుపుట, కావలివానిని కట్టివేసి తలుపు తెరచియుంచుట వంటిది. ఫేజు పోయినపుడు మోటారును ఆపివేయు సాధనమును కూడ అమర్చుట మేలు.

బేరింగులు, ఫ్యాను, స్టార్టరు కాంటాక్టులు మాత్రమే చెడినచో బాగుచేయించుటయే చాలును. తీగ చుట్టింపవలసి వచ్చినపుడు పని జరుగు విధమును విచారింపవలెను. పాత తీగ తీయుటకై మోటారును మంటలో వేసి కాల్చినచో లోపలి ఇనుపరేకుల నడుమనున్న పూత చెడును. అటుపై అదే పనికి విద్యుత్తు ఎక్కువ వ్యయమగును.

ఒక లెక్క చూతము. 10 అశ్వశక్తి మోటారు పూర్తి భారముతో ఇచ్చు శక్తి 7.46 కిలోవాట్లు. నూటికి 82 పాళ్లు సామర్థ్యముగల పాత మోటారు ఇందుకు 9.1 కిలోవాట్లు తీసికొనును. 90 పాళ్లు గలది 8.3 మాత్రమే తీసికొనును. దినమునకు 8 గంటల చొప్పున ఏటికి 300 దినములు నడచినచో సుమారు 1,900 యూనిట్లు మిగులును. మీ యూనిటు ధరతో దీనిని హెచ్చించి, క్రొత్త మోటారు వెలతోడను, తీగ చుట్టించు ఖర్చుతోడను పోల్చి చూడుడు. మార్చదలచినచో అశ్వశక్తిని మాత్రమేగాక వేగమును కూడ సరిచూడవలెను. నిమిషమునకు 1,440 చుట్లు తిరుగు మోటారు స్థానమున 2,900 చుట్లు తిరుగుదానిని బిగించినచో పంపు భారము భరింపరానిదగును.

మోటారునకును పంపునకును నడుమ పాత చదును బెల్టు ఉన్నచో అది జారి కొంత శక్తి వ్యర్థమగును. రెండింటి వేగములు సరిపోయినపుడు నేరుగా కప్లింగుతో కలుపుట మేలు. లేనియెడల వి-బెల్టు వేయవచ్చును.

వేగమును తగ్గించి హెచ్చించు ఎలక్ట్రానిక్ డ్రైవును కొందరు వర్తకులు సర్వరోగనివారిణిగ వర్ణింతురు. గొట్టములలోని రాపిడిని మాత్రమే ఎదుర్కొను పంపు వేగమును పదింట ఎనిమిది పాళ్లకు తగ్గించినచో దానికి కావలసిన శక్తి సుమారు సగమునకు దిగును. కాని ఎత్తయిన ట్యాంకు నింపు పంపు విషయము వేరు. వేగము మరీ తగ్గినచో నీరు పైకి చేరనే చేరదు. గ్రామపు వాడుకనుబట్టి నేరుగా గొట్టములలోనికి నీరు పంపుచోట డ్రైవు లాభకరము. ట్యాంకు నింపి ఆగిపోవు పంపునకు దానివలన లాభము స్వల్పము. ఇదివరకే డ్రైవు ఉన్నచో దాని అమరికలను కాగితముపై వ్రాసి భద్రపరుపుడు. అది చెడిననాడు క్రొత్తదానిని త్వరగా అమర్చుటకు అవి ఆధారమగును. సరఫరా ఆపిన పిమ్మటను డ్రైవులో కొంతసేపు ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండును. కావున అర్హుడైన ఎలక్ట్రీషియను తప్ప ఇతరులు దానిని తెరువరాదు.

ప్రతి పంపునకును ఒక పుస్తకము పెట్టించుడని మా మనవి. కాలిన తేదీ, తెలిసిన కారణము, ఖర్చు, నడచునపుడు మూడు ఫేజుల ఆంపియర్లు అందు వ్రాయింపుడు. ఆ పుస్తకమును పంచాయతీ సమావేశమున చదివించి, వేసవికి ముందే నిర్ణయము గైకొనినచో బిందెలు బారులు తీరు దినము రాకుండ చేయవచ్చును.